కంచె దాకా వెళ్ళని పళ్ళెం

అమెరికా సరిహద్దు ఊరు పాలో సెకోలో ఓబ్దూలియా వండిన తలకాయ మాంసం తినని మనిషి లేడు. శనివారం పొద్దుగూకగానే ఆవు తలలు తడిగుడ్డల్లో చుట్టి, పెరట్లో నిప్పులు పోసిన గుంతలో పెట్టి, పైన మట్టి కప్పేస్తుంది. ఆదివారం చర్చి విడిచేసరికి వీధంతా ఆమె గుమ్మం ముందే ఉంటుంది. మొగుడు పోయాక ముగ్గురు పిల్లల్ని సాకింది ఆ గుంతే. నది అవతలున్న మెక్సికో ఆమెకు మేనత్తగారి ఊరు, అంతే.

గుంత దగ్గర ఎవరూ రాజకీయం మాట్లాడకూడదని ఆమె పట్టు. మాట్లాడితే ఏమవుతుందో ఇంట్లోనే చూసింది. చెల్లెలి కొడుకు ఎవరార్డో సరిహద్దు గస్తీలో పనిచేస్తాడు. జనాన్ని వేటాడే ఉద్యోగమని, నీలం పార్టీలో తిరిగే వాడి సొంత అక్క వాణ్ని క్రిస్మస్‌కి పిలవడం మానేసింది. సరిహద్దు మూసెయ్యాలనే ఎర్ర పార్టీ జెండా కట్టుకున్న ఓబ్దూలియా తమ్ముడు ఆ మేనకోడలి గుమ్మం తొక్కడు. ఒక బల్ల దగ్గర తిని పెరిగినవాళ్ళు ఎదురుపడితే మొహాలు తిప్పుకుంటున్నారు. థూ, ఏం బతుకులో!

ఎన్నికలు దగ్గరపడ్డాయి. సరిహద్దు చూస్తామంటూ రెండు పార్టీల పెద్దలూ ఒకే ఆదివారం ఊడిపడ్డారు. భోజనాలు ఇద్దరూ ఓబ్దూలియాకే చెప్పి, రేవు దగ్గర చెరోపక్క బల్లలు వేయించారు. ఎర్ర పార్టీ నాయకుడు నెత్తిన కొత్త టోపీతో, ఏనాడూ గుర్రమెక్కని కాళ్ళకు గుర్రపు బూట్లతో దిగాడు. నీలం పార్టీ నాయకురాలు దిగడమే కళ్ళొత్తుకుంటూ దిగింది. దేశం దొంగలపాలైందని ఆయన, మానవత్వం చచ్చిపోయిందని ఆమె, మైకుల్లో ఒకరినొకరు దుమ్మెత్తిపోసుకున్నారు.

అప్పుడే నీళ్ళలోంచి ఒక తల్లి, ఏడెనిమిదేళ్ళ కూతురు పైకొచ్చి ముళ్ళకంచె అవతల చతికిలబడ్డారు. అక్కడే గస్తీలో ఉన్న ఎవరార్డో వాళ్ళను పట్టుకెళ్ళే వ్యాను కోసం కబురు పెట్టాడు. ఆ పిల్ల చూపంతా మాంసం గిన్నెల మీదే ఉంది. ఓబ్దూలియా ఇంకేం ఆలోచించలేదు. రెండు రొట్టెల్లో వేడివేడి మాంసం చుట్టి, పళ్ళెంలో పెట్టుకుని కంచె వైపు నడిచింది. పట్టుకెళ్ళేవాళ్ళు ఎలాగూ పట్టుకెళ్తారు, ఈలోగా ఆ పిల్ల కడుపులో ఇంత పడాలి.

టోపీ ఆయన అడ్డమొచ్చాడు.

"అలా పెట్టకమ్మా. ఇవాళ వీళ్ళకి పెడితే రేపు వెయ్యిమంది దిగుతారు. అయినా అది మేం చెప్పుకున్న భోజనం."

ఆయనతో వాదనేమిటని ఆమె ఆ రొట్టెలు అక్కడే పడేసి, రెండో బల్ల దగ్గర మళ్ళీ రెండు చుట్టుకుని బయల్దేరింది. ఈసారి నాయకురాలు వచ్చి మోచెయ్యి పట్టుకుంది.

"తప్పకుండా పెడదాం, నేనూ వస్తాను. ఒక్క నిమిషం ఆగండమ్మా, కెమెరాలో బ్యాటరీ మారుస్తున్నారు."

ఓబ్దూలియా ఆగింది. అంత పెద్దమనిషి చెయ్యి విదిలించుకుంటే బాగుండదనుకుంది. బ్యాటరీ మారకముందే వ్యాను వచ్చేసింది. ఎవరార్డో తల్లీకూతుళ్ళను ఎక్కించాడు. పిల్ల మెట్టు మీద ఆగి వెనక్కి చూసింది. వ్యాను వెళ్ళిపోయింది.

నాయకురాలికి కంగారేమీ లేదు. ఓబ్దూలియా పళ్ళెం పట్టుకుని కంచె దాకా నడిస్తే చాలట. అవతల ఎవరూ లేని సంగతి బొమ్మలో తెలియదట. ఓబ్దూలియా, కావాలంటే మీరే నడవండని చెప్పి బల్ల దగ్గరికి వచ్చేసింది.

కాసేపటికి చూస్తే ఆ టోపీ, ఆ కన్నీళ్ళావిడ మాంసం కోసం ఒకే వరసలో నిలబడ్డారు. నాలుక ముక్క వెన్నలా ఉందని ఒకరికొకరు చెప్పుకుంటూ ఇకిలిస్తున్నారు. ఛీ! వీళ్ళ కోసమా తనవాళ్ళు మొహాలు తిప్పుకుంటున్నది? రాత్రంతా మేలుకుని ఆ నోళ్ళకు వండిపెట్టింది తనే. తన మోచెయ్యి పట్టుకున్నవి సంకెళ్ళు కూడా కావు, గట్టిగా విదిలిస్తే ఆవిడ వదిలేసేది.

ఎవరార్డో వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆ పిల్ల ఏమైనా అందా అని ఓబ్దూలియా అడిగింది.

"ఆ పళ్ళెం నాకోసమే తెస్తున్నారా అని అడిగింది, పెద్దమ్మా."

"నువ్వేం చెప్పావురా?"

"కాదన్నాను. అవునంటే, మరెందుకు పెట్టలేదని అడుగుతుంది కదా."