చింతామణి సుగుణమ్మ

చింతామణిలో మూతపడిన నూనె మిల్లును సుగుణమ్మ రోజూ పొద్దున్నే తెరిచి, కొంగు నడుముకు బిగించి, చీపురును నేలకేసి కొడుతూ ఆవరణ ఊడుస్తుంది. మిల్లు తండ్రిది. ఆయన పోయాక అన్న పద్మనాభ చెల్లెలికి వాటా లేదన్నాడు. ఎమ్మెల్యేగా ఊళ్లు తిరుగుతూ మిల్లును ముంచేశాడు.

మొన్న అతను గేటు ముందే ప్రచార సభ పెట్టాడు. “నాయిన మిల్లును నేనే కాపాడతాండాను. దా సుగుణా, నా పక్కన నిలబడు,” అన్నాడు మైకులో.

“యాడ కాపాడినావు అన్నా? లోపల ఒక్క గింజ ఉండాదేమో వచ్చి చూడు.”

“ఇంటి మాటలు ఇంట్లో మాట్లాడుకుందాము లేమ్మా.”

“ఆ ఇంట్లోకి నన్ను రానిచ్చినావా?”

అతను మళ్లీ ప్రసంగం మొదలుపెట్టాడు. సుగుణమ్మ విసురుగా లోపలికి వెళ్లి మోటారు వేసింది. ఖాళీ గానుగ దడదడమని మోగింది. అన్న పెదవులు కదులుతూనే ఉన్నాయి. జనమంతా మిల్లు వైపు తిరిగారు.