దిగుడులో ముందు నడిచిన మనిషి

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నవ్వేదాన్ని. మా ఊరి అవతల పాడుబడ్డ బావిలో ఏదో ఉందని అందరూ చుట్టు తిరిగి పోతుంటే, ఆ బావి గట్టు మీదే కూర్చుని సద్ది తిన్నదాన్ని నేను. అందుకే ఇది చెప్పడానికి కొంచెం మొహమాటంగా ఉంది. జరిగింది జరిగినట్టు చెప్తాను, మీకు ఎట్లా తోస్తే అట్లా అనుకోండి.

మాది దేవరకొండ దగ్గర ఊరు. గొర్రెలే మా బతుకు. వానాకాలం మందను మన్ననూరు పైకి, అమ్రాబాద్ దిక్కు మేతకు తోలుకుపోతాం. హాలియా వైపు వరికోతలు అయ్యాక కిందికి దించుతాం. కోసిన మళ్లలో మంద పెడితే రైతుకు ఎరువు, మాకు మేత.

మంద నడిచే వస్తుంది. నడవలేని చూలు గొర్రెలను, పసి పిల్లలను మాత్రం పికప్‌కు ట్రైలర్ కట్టి తెస్తాం. వచ్చే ఏటి మంద అంతా ఆ ట్రైలర్‌లోనే ఉన్నట్టు లెక్క. దానికేమైనా అయితే మేము మళ్లీ మొదటికి వస్తాం.

బండి నడిపేది నేను. మా ఆయన మల్లయ్య పక్క సీట్లో కూర్చుని, నేను బ్రేకు తొక్కినప్పుడల్లా తనూ కాలు నొక్కుతాడు. ఆయన కాలి కింద బ్రేకు లేదని ఎన్నిసార్లు చెప్పినా అలవాటు పోదు.

గేర్లు తనే మార్చుకునే బండి అది. స్టీరింగ్ పక్కన ట్రైలర్ బొమ్మతో ఒక బటన్ ఉంటుంది, టో మోడ్ అంటారు. వెనక బరువుతో గుట్టల మీది ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు అది నొక్కితే బండి తొందరపడి పై గేరుకు పోదు, గుంజే బలం తగ్గదు. దిగేటప్పుడు కింది గేరులోనే ఉండి ఇంజనుతోనే వేగాన్ని పట్టి ఉంచుతుంది. అది లేకుంటే దిగినంతసేపూ బ్రేకు మీదే కాలుండాలి. బ్రేకులు కాలి పట్టు వదిలితే వెనక ట్రైలర్ ముందున్న బండిని తోసేస్తుంది. సాపు రోడ్డు మీద, ఖాళీ బండికి దాంతో పనిలేదు, ఊరికే డీజిల్ తాగుతుంది.

బండి కొన్నప్పుడు ఇదంతా మా మామకు చెప్పాను. మల్లయ్య తండ్రి ఆయన, పుట్టిన దగ్గర్నుంచీ మంద వెంటే నడిచిన మనిషి. అన్నీ విని ఒక్కటే అడిగాడు.

"అది సరే బిడ్డా, దిగుడుల దీని ముంగట ఎవలు నడుస్తరు?"

గొర్లకాపరుల పద్ధతి అది. గుట్ట ఎక్కేటప్పుడు మంద వెనక నడిచి తోలాలి. దిగేటప్పుడు ముందు నడిచి ఆపాలి, లేకపోతే ఒకదాన్నొకటి తోసుకుని కాళ్లు విరగ్గొట్టుకుంటాయి. సాపు నేల మీద పక్కన నడిస్తే చాలు. దిగుడులో మామ భుజాన గొంగడి వేసుకుని, మెడ మీద కర్ర అడ్డంగా పెట్టి, రెండు చేతులు దాని మీద వేలాడేసి నడిచేవాడు. ఆయన్ని ఒక్క గొర్రె దాటేది కాదు.

ఈ బటనే ముందు నడిచే మనిషి అని చెప్పాను. ఆయన దాన్ని వేలితో తడిమి, తృప్తిగా నవ్వాడు. అప్పటినుంచి నేను బండి తీసినప్పుడల్లా, మనిషిని పెట్టినవా అని అడిగేవాడు. అడగని రోజు లేదు.

మామ పోయిన మరుసటి ఏడు జరిగింది ఇది. అమ్రాబాద్‌లో ట్రైలర్ నింపుకుని బయల్దేరాం. ఎక్కుడు దిగుడు రోడ్డు కదా, అక్కడే బటన్ నొక్కాను. మన్ననూరు దాటి ఘాటు దిగేముందు బండి ఆపాం. అదీ మామ పెట్టిన నియమమే, దిగుడుకు ముందు గొర్రెలు కాసేపు నెమరు వేయాలి. చప్పుడుకు బెదురుతాయని ఇంజన్ కూడా ఆపేశాను.

ఇంజన్ ఆపితే ఆ బటన్ కూడా ఆరిపోతుంది, మళ్లీ నొక్కాలి. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఒక గొర్రె ఈనేటట్టుందని మా ఆయన గాబరా పెట్టేసరికి, దాన్ని ఒక మూలకు జరిపి గడ్డి పరిచి, అదే ధ్యాసలో బండి తీశాను.

మధ్యాహ్నం, మంచి ఎండ. ఘాటంతా బండి కింది గేరులో గుర్రుమంటూ నిమ్మళంగా దిగింది. బ్రేకు మీద కాలు వేసే అవసరమే రాలేదు. అన్నాళ్లూ బండిలో అరుస్తూనే ఉండే గొర్రెలు ఆ రోజు గప్‌చుప్. అన్నిటికంటే వింత ఏమిటంటే మా ఆయన నిద్రపోయాడు. ఆ సీట్లో ఆయన కన్ను మూయడం అదే మొదలు.

కింద హోటల్ దగ్గర ఆపి, ఇంజన్ ఇంకా నడుస్తుండగానే, ఇక సాపు రోడ్డే కదా అని టో మోడ్ తీసేద్దామని బటన్ నొక్కాను. బటన్ మీది దీపం ఆరే బదులు వెలిగింది. అంటే ఘాటు దిగినంతసేపూ టో మోడ్ లేదు.

దిగి చక్రాల దగ్గర అరచెయ్యి పెట్టి చూశాను. కాలిన వాసన లేదు, వేడి లేదు. ట్రైలర్‌లో గొర్రెలన్నీ తలలు ముందుకే పెట్టి నిలబడి ఉన్నాయి. మామ ముందు నడుస్తుంటే అవి అట్లాగే ఉండేవి.

మా వెనకే వచ్చిన లారీ కూడా ఆగింది. డ్రైవర్ ఖాసిం, చిట్యాల మనిషి, అంతకుముందు మాకు ముఖపరిచయం కూడా లేదు. చాయ్ తాగుతూ నా దగ్గరికి వచ్చి అడిగాడు.

"అక్కా, గా ముసలాయన ఏడ దిగిపోయిండు?"

ఏ ముసలాయన అన్నాను.

"ప్రతి మలుపుల మీ బండి ముంగటనే నడుస్తుండె గద. భుజం మీద గొంగడి, మెడ మీద కట్టె అడ్డం పెట్టుకున్నడు. ఆయన్ని దాటద్దనే నువ్వు మెల్లగ వస్తున్నవనుకున్న."

నా కళ్లముందు ఖాళీ రోడ్డు తప్ప ఏమీ లేదు. మా ఆయన గ్లాసు కింద పెట్టి ట్రైలర్ చాటుకు పోయాడు. ఏడుస్తున్నాడని తెలుసు, నేను పోలేదు.

హాలియాలో మెకానిక్‌ను అడిగాను. కొన్ని బండ్లు దిగుడులో వాటంతట అవే గేరు తగ్గిస్తాయన్నాడు. అంత బరువుతో, బ్రేకు ముట్టకుండా ఘాటంతా దిగిందంటే మాత్రం తల గోక్కున్నాడు. ఖాసిం ఎవరో దారిన పోయే కాపరిని చూశాడనుకుందాం. మలుపు మలుపుకూ బండి కంటే ముందు నడిచే కాపరి ఎవరు? నాకైతే ఇప్పటికీ అంతు చిక్కలేదు.

ఆ సాయంత్రమే ఆ గొర్రె రెండు పిల్లలను ఈనింది. రెండూ బతికాయి. భయం ఆ రోజుతోనే పోయింది, ఇప్పుడు తలుచుకుంటే కడుపు నిండినట్టుంటుంది.

బటన్ నొక్కకుండా ఒక్కసారి దిగి చూద్దామని మా ఆయన అప్పుడప్పుడు అంటాడు. నేను ఒప్పుకోను. ఘాటు పైన ఇంజన్ స్టార్ట్ చేయగానే ముందు బటన్ నొక్కి, దీపం వెలిగిందో లేదో చూసుకుంటాను. బతికినన్నాళ్లూ నడిచిన మనిషి. ఇప్పుడైనా కూర్చోనీ.