నా చెయ్యి తగలని సీతాఫలం చెట్టు

పెరట్లో సీతాఫలం చెట్టు ఈ ఏడు కూడా పూసింది. చూసినవాళ్లు దాన్ని పువ్వంటే నమ్మరు. మూడు దళసరి ఆకుపచ్చ రెక్కలు, తల కిందికి వంచి, సగమే విచ్చుకుని, దగ్గరికి పోతే మాగిన పండు పులిసిన వాసన. ఆ వాసన తగిలితే చాలు, అరవై ఏండ్ల కిందటి చెంపదెబ్బ మళ్లీ చురుక్కుమంటుంది.

దేవరకొండ పక్కన మా పల్లె వెనక గుట్ట నిండా సీతాఫలాలే. బతుకమ్మ నాటికి కాయల కండ్లు విచ్చేవి, మేకలు కాసే పిల్లలం కాయలను నిప్పుల్లో కాల్చుకుని మూతులు నల్లగా చేసుకునేవాళ్లం, ఇంట్లో గడ్డిలో మాగేసిన పండ్ల వాసనకు నిద్రలో కూడా నోరూరేది. వానలు దగా చేసిన ఏడు ఆ కాయలనే గంపలకెత్తి అంగడికి మోసి, జొన్నలకు మార్చుకుని, ఆ రవ్వతో గటక వండుకునేవాళ్లం.

మా అవ్వ ఎండాకాలం చివర, చెట్లు పూతకొచ్చే రోజుల్లో, ఊళ్లో తిని పారేసిన మామిడి తొక్కలు, టెంకలు ఏరుకొచ్చి ఆ చెట్ల మొదట్లో పోసేది. వాటి మీద నువ్వుగింజంత నల్లటి పురుగులు ముసిరేవి. పూరెక్క మెల్లగా ఎత్తి, లోపల దూరిన అవే పురుగులను నాకు చూపేది.

"గీ పూవు మీద తేనెటీగ వాలదు బిడ్డా. గీ పురుగులు పూవుపూవుకు తిరిగితెనే కాయ పడ్తది."

భూమ్మీద తేనెటీగలు పుట్టకముందే ఇలాంటి పూలూ పురుగులూ కలిసి బతికాయనీ, సీతాఫలం పువ్వు ముందు ఆడదై, తర్వాత మగదవుతుందనీ, మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు చేర్చేది ఆ పురుగేననీ చాలా ఏండ్లకు చదువుకున్నాను. అవ్వకు అక్షరం రాదు.

అవ్వ పోయిన మరుసటేడు మా నాన్నకు, అంటే బాపుకు, అన్న అయిన పెద్దబాపు ఇంటికి పెద్ద అయ్యాడు. చెట్ల మొదట్లోని కుళ్లంతా ఊడ్పించి కాల్పించాడు. జొన్నచేనుకు తెచ్చిన తెల్లమందు పొడిని గుడ్డలో మూటగట్టి పూల మీద దులపసాగాడు. తొమ్మిదేండ్ల దాన్ని, ఆయన ధోవతి పట్టుకుని గుంజాను.

"పెద్దబాపూ, అవి సస్తే కాయ పట్టది. అవ్వ చెప్పింది."

"పురుగు కాయలు కాపిస్తదానె? గీ తెలివి మీ అవ్వ నీకు మూటగట్టిచ్చి పోయిందా?"

అందరూ నవ్వారు. మూట లాక్కోబోయాను. చెంప పగలగొట్టాడు.

పూతంతా రాలింది. వానలు కూడా మొండిచెయ్యి చూపాయి. బతుకమ్మ నాటికి చేన్లో గింజ లేదు, మందు దులిపిన చెట్లకు కాయ లేదు. మేకలు ఒక్కొక్కటీ అంగడికి పోయాయి. అమ్మ చింతగింజలు వేయించి, నానబెట్టి, దంచి పెడితే మింగుడుపడక చెల్లె ఏడ్చేది. ఏడ్చే ఓపిక కూడా పోయాక ఊరికే చూస్తూ పడుకునేది.

"గీ పోరి పూలన్ని ఇప్పి ఇప్పి సూసింది. దీని చెయ్యి మంచిది గాదు," అన్నాడు పెద్దబాపు, వాకిట్లో అందరి ముందర. బాపు తల వంచుకున్నాడు. అదీ మరిచిపోలేదు. ఆనాటి నుంచి విత్తనాల మూట నన్ను ముట్టనివ్వలేదు.

కానీ ఆ ఎండాకాలం నేనొక పని చేశాను. గుట్ట కొసన బండ మీది ఒంటిచెట్టు దాకా ఆయన మందు పోలేదు. పురుగులు పట్టిన మామిడి తొక్కలు లంగాలో ఒడిగట్టి, మోకాళ్లు చెక్కుకుపోతుంటే ఎక్కి, దాని మొదట్లో పోసి వచ్చేదాన్ని. ఆ ఒక్క చెట్టే కాసింది. పదకొండు కాయలు తెచ్చి, మాగేసి, పెద్దబాపు ముందు పోశాను. బండ మీది చెట్టువని చెప్పాను. ఆయన ఒకటి తిని మీసం తుడుచుకున్నాడు.

"సూసిన్రా? గీ పోరి చెయ్యి అందని చెట్టుకే కాసింది."

ఆయన చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని అడిగాను, ఆ ఏడు మందు దులిపిందెవరని. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇప్పుడా గుట్ట లేదు, కంకర చేసి ఎత్తుకుపోయారు. ఈ పట్నపు పెరట్లో ఏటా మామిడి తొక్కలు కుప్ప పోస్తాను. ఈగలొస్తాయి, చీమలొస్తాయి. పూరెక్క ఎత్తి చూస్తే లోపల ఏమీ ఉండదు. పొద్దున పక్కింటావిడ గోడ మీదుగా రాలిన పూత చూసింది.

"ఏటా గిట్లనే రాల్తాంది గదమ్మా. ఎవరి చేతితోని పెట్టిచ్చిన్రు?"

నా చేతితోనే, అన్నాను.