పటంలో పసుపు గడి

నవంబరు, మంగళవారం, న్యూకాసిల్. హాజరైనవారు: లోతు సముద్రపు వేటపై సలహా ప్యానెల్ అధ్యక్షురాలు మిసెస్ పోలార్డ్, ట్రాలర్ యజమానుల తరఫున మిస్టర్ డాసన్, సముద్రగర్భ జీవశాస్త్రవేత్త డాక్టర్ సుమతి, ఓడల కదలికలను గమనించే విభాగం నుంచి సీనియర్ అధికారిగా నేను. నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. శాండ్‌విచ్‌లు కూడా హాజరయ్యాయి. ఆ పూట తమ పని సరిగ్గా చేసినవి అవే.

తేల్చాల్సింది ఒక్కటే. స్కాట్లండ్‌కు పడమట, సముద్రం అడుగున ఒక వాలు ఉంది. దాని మీద చన్నీటి పగడాలు పెరుగుతాయి. ఎండ సోకని చోట, ఏడాదికి గోరంత పెరిగే జీవులవి. అడుగు వల అంటే బరువైన ఇనుప తలుపులతో, గొలుసులతో నేలను ఊడ్చుకుంటూ పోయేది. వందల ఏళ్లు పెరిగినదాన్ని అది ఒక్క పూటలో కంకరగా మార్చగలదు. మరీ లోతైన చోట్ల ఆ వేట మీద అప్పటికే నిషేధం ఉంది. మధ్యస్థ లోతుల్లో మాత్రం పగడాలున్న చోట్లను ఒక్కొక్కటిగా చూపించి, వాదించి, మూసివేత జాబితాలో చేర్చాలి. సుమతి ఎన్నో వేసవులు ఓడ మీద గడిపి, కెమెరా దించి ఆ వాలును ఫోటోలు తీసింది. ప్యానెల్ ఔనంటే వాలు జాబితాకెక్కుతుంది. కాదంటే ఏ ట్రాలరైనా అక్కడ వల దించవచ్చు.

ఫోటోలు తెర మీద పడ్డాయి. తెల్లని కొమ్మలు, వాటి సందుల్లో తల దాచుకున్న చేపలు. డాసన్ మెచ్చుకున్నాడు. చేపలు చక్కగా ఉన్నాయన్నాడు. తరువాత పటం పరిచాడు.

మా పద్ధతిలో సముద్రాన్ని గడులుగా విభజిస్తారు. ఏ గడిలోనైనా గతంలో వేట జరిగి ఉంటే దానికి పసుపు రంగు వేస్తారు. అది పాత వేట మైదానం కింద లెక్క, దాన్ని మూయడం కష్టం. వాలు ఉన్న గడి పసుపుగా ఉంది. డాసన్ తర్కం వినదగ్గది. వేట జరిగింది కనుక పగడాలు పోయే ఉంటాయి, పోయినవాటికి రక్షణ దేనికి? ఒకవేళ బతికే ఉంటే వేట వల్ల వాటికి హాని లేదన్నమాట, అప్పుడూ రక్షణ దేనికి? పగడం చచ్చినా బతికినా ఆయన ట్రాలర్‌కు దారి వదలాల్సిందే.

మిసెస్ పోలార్డ్ ఈ తర్కాన్ని సమతూకంగా ఉందన్నారు. మధ్యేమార్గంగా గడిని తెరిచే ఉంచి, 'ఎదురుపడితే తప్పుకో' నిబంధన పెడదామన్నారు. అంటే వలలో ఒక పరిమితికి మించి పగడం వస్తే ఆ పడవ ఆ సంగతిని నమోదు చేసి కొంత దూరం జరగాలి. విరిగిన పగడంలో చాలా భాగం వల కన్నుల్లోంచి జారి అడుగునే ఉండిపోతుందని సుమతి చెప్పింది. మిసెస్ పోలార్డ్ తల ఊపి, ఆ మాటను మినిట్స్‌లో రాయమన్నారు. రాయడం ఆవిడకు తెలిసిన ఒకే ఒక చర్య.

టీ విరామంలో సుమతి కప్పు పట్టుకుని నా పక్కకు వచ్చింది. కరీంనగర్ అమ్మాయి, సమావేశం బయట నన్ను అంకుల్ అంటుంది.

"ఎదురుపడుడేంది అంకుల్? సంతల మేనత్త ఎదురైనట్టు చెప్తున్నరు!"

"మేనత్తయితే పలకరించైనా పోతారమ్మా," అన్నాను.

"అసలా గడిల ఎవరు వేట చేసిండ్రు? మా కెమెరాకు ఒక్క వల గీత కూడ కనబడలే."

నేను లాప్‌టాప్ తెరిచి చూపించాను. ప్రతి ట్రాలర్ తన స్థానాన్ని, వేగాన్ని ఉపగ్రహం ద్వారా మాకు పంపుతూ ఉంటుంది. అడుగు వల లాగే ఓడ మూడు నాట్స్ వేగానికి అటూ ఇటూగా పోతుంది. ఆ గడిని పసుపు చేసింది డాసన్ కంపెనీ ఓడే, ఒకే ఒక్కసారి, తొమ్మిది నాట్స్‌తో. వల అడుగున ఉంటే అంత వేగం అసాధ్యం. అది చేపలు నింపుకుని ఇంటికి పోతున్న ఓడ. కంప్యూటర్ వేగం చూడకుండా గడికి రంగు పూసేసింది.

సుమతి నవ్వింది. "బస్సు మా ఇంటి ముంగట నుంచి పోతే ఇల్లు డ్రైవర్‌ది అయితదా?"

విరామం తరువాత నేను ఆ వేగాన్ని ప్యానెల్ ముందు పెట్టాను. మా కెప్టెన్ అక్కడ వేట చేశానన్నాడే అని డాసన్ బుకాయించాడు. అయితే ఆ స్థానంలో పట్టిన చేపలు ఓడ లాగ్‌బుక్‌లో ఉండాలి, అందులో ఒక్కటీ లేదు, పట్టి రాయకపోతే అది నేరం అని గుర్తు చేశాను. వేట చేయలేదంటే గడి పసుపు కాదు, చేశానంటే జరిమానా. మొదటిసారి డాసన్ శాండ్‌విచ్ పక్కన పెట్టాడు.

అంతలో మిసెస్ పోలార్డ్ అందుకున్నారు. ఎవరినీ ఇబ్బంది పెట్టే ఉద్దేశం ప్యానెల్‌కు లేదట. ఇరుపక్షాలూ అసంతృప్తిగా ఉన్నాయంటే మనం సరైన దారిలో ఉన్నట్టేనట. విషయాన్ని వసంతకాలపు సమావేశానికి వాయిదా వేశారు. అందాకా వాలును తాత్కాలికంగానైనా మూయమని సుమతి అడిగింది. అజెండాలో లేని తీర్మానం చేయడం కుదరదన్నారు.

మర్నాడు ఉదయం ఆఫీసులో తెర తెరిచాను. డాసన్ కంపెనీ ట్రాలర్ ఒకటి పొరుగు మైదానాన్ని వదిలి ఆ గడిలో ఉంది. వేగం మూడు నాట్స్. వాలు పొడుగునా పోయింది, తిరిగింది, మళ్లీ వచ్చింది. దాని కెప్టెన్ ఈసారి లాగ్‌బుక్ తప్పు లేకుండా నింపాడు. చేపలు రాశాడు, పగడం కూడా రాశాడు. మిసెస్ పోలార్డ్ పెడదామన్న పరిమితికి కూడా లోపే ఉంది. చట్టరీత్యా పట్టుకోవడానికి ఏమీ లేదు. గడి ఇప్పుడు నిజంగానే పసుపు.

సుమతికి ఫోన్ చేసి చెప్పాను.

"అన్నేండ్లు అటు దిక్కు ఎవడు పోలే అంకుల్. మనం మీటింగ్ పెట్టి, పటం ఇచ్చి, ఇగో ఇక్కడున్నదని చూపిచ్చినం."

ఒక చోటు అజెండాలోకి ఎక్కే రోజే దాని మీద తాత్కాలిక మూసివేత అమల్లోకి రావాలని, అది లేకుండా స్థానం బయటపెట్టడమంటే వేటకు పంపడమేనని అప్పుడు తెలిసింది. ఫోన్ పెట్టేసి, ఆ ఒక్క వాక్యాన్ని నోట్‌గా రాసి మిసెస్ పోలార్డ్‌కు పంపాను. మధ్యాహ్నం లోపే జవాబు వచ్చింది. వసంతకాలపు సమావేశంలో చర్చిస్తారట.