ఇరవై తొమ్మిది మంది ఇంజనీర్లు, ఒకటే చెయ్యి

శంషాబాద్ చుట్టూ ఉన్న జొన్నచేలన్నీ ఇంజనీరింగ్ కాలేజీలైపోయిన ఆ రోజుల్లో, ఒక్క పిల్లవాడికి చదువు చెప్పడానికి ముగ్గురుంటే, వాడెంత చదివాడో కొలవడానికి ఏడుగురుండేవాళ్లు. హాజరు శాతం ఒకరు కొలిచేవారు, ఇంటర్నల్ మార్కులు ఒకరు, పిల్లవాడు నవ్వుతూ ఉన్నాడా ముఖం మాడ్చుకుని ఉన్నాడా అన్నది కూడా ఒకరు రాసి పెట్టేవారు. నేను ఈ రెండు జట్లలోనూ లేను. వర్క్‌షాపులో అటెండర్ని. నాకు చదువు అంటక కాదు (మా ఇంట్లో అలాగే అనుకుంటారు, అననివ్వండి). నేను తొమ్మిదిలో ఉండగా ఇక్కడ విమానాశ్రయం కడుతున్నారు. అంత పెద్ద యంత్రాలు ఊరి పక్కనే తిరుగుతుంటే లెక్కల క్లాసులో ఎవడు కూర్చుంటాడు? ఆ ఏడు లెక్కల్లో తప్పాను. ఒక్క ఏడాది ఆగి మళ్లీ బడికి పోదామనుకున్నాను. ఆ ఒక్క ఏడాది ఇంకా నడుస్తూనే ఉంది.

మా మేనమామ ఎవరి కాళ్లో పట్టుకుని నన్ను ఆ కాలేజీలో పెట్టించేనాటికి నాకు ఇరవై రెండేళ్లు. వర్క్‌షాపుకు పెద్ద మా మూలమట్టం సారు. మూల సరిగ్గా తిరిగిందో లేదో చూసే ఇనుప మూలమట్టం ఒకటి ఎప్పుడూ చొక్కా జేబులో ఉండేది కాబట్టి పిల్లలు పెట్టిన పేరది. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, అత్తాపూర్ నుంచి పాత స్కూటర్ మీద వచ్చేవాడు. వచ్చి స్టూలు మీద కూర్చుని కళ్లు సగం మూసేవాడు. ఇక పిల్లలు ఆకురాళ్లతో ఇనుము రాస్తూ ఉంటే ఆ చప్పుడు వింటూ ఉండేవాడు. ఎవడిదైనా వంకర పోతే చప్పుడును బట్టే పట్టేసేవాడు. లేచి వెళ్లి ఆకురాయి అందుకుని చూపించవచ్చు కదా, అదేమీ లేదు. "ఏడ తప్పు పోయిందో నువ్వే జూసుకో" అని మళ్లీ కళ్లు మూసేవాడు. జీతమేమో ఆయనది, చెమటేమో నాది అని నేను క్యాంటీన్‌లో జోకులు వేసేవాడిని.

అదే ఏడు కాలేజీలో మెంటర్లని కొత్త పద్ధతి పెట్టారు. ఒక్కో సారుకు ఇరవై మంది పిల్లలు, ఒక లావుపాటి రిజిస్టరు. అందులో ప్రతి పిల్లవాడి బలం ఏమిటి, బలహీనత ఏమిటి అని గళ్లు. తక్కిన సార్లు పైగడిలో "గుడ్" అని రాసి కింద ఇరవై గళ్లకూ తోకలాగా గీత లాగేవారు. మా సారు మాత్రం ఒక్కొక్కడి గురించీ కూర్చుని రాసేవాడు. ఒకడికి "ఆకురాయి గట్టిగా పట్టుకుంటాడు, భయస్థుడు" అనీ, ఇంకొకడికి "పక్కవాడి బల్ల చూస్తాడు, తనది చూసుకోడు" అనీ. రిజిస్టర్లను ఆఫీసుకు మోసేది నేనే కాబట్టి అన్నీ చదివి నవ్వుకునేవాడిని.

నాకు చదువు లేకపోయినా చెయ్యి ఉంది, అదీ ఎడమచెయ్యి. ఆ చేతికి ఆకురాయి ఇస్తే ఇనుము వెన్నలాగా లొంగేది. ఫస్టియర్ పిల్లలకు పరీక్షలో ఇచ్చే పని ఒకటే. రెండు ఇనుప ముక్కలుంటాయి. ఒకదాన్ని 'వి' ఆకారంలో లోపలికి కోయాలి, రెండోదాన్ని అదే ఆకారంలో మొనగా తేల్చాలి. రెండింటినీ కలిపి కిటికీకి ఎదురుగా పట్టి చూస్తే మధ్యలోంచి వెలుగు రాకూడదు. వెలుగు ఎంత తక్కువ వస్తే మార్కులు అంత ఎక్కువ. నేను చేస్తే చీమ తల వెంట్రుక కూడా దూరేది కాదు. ఈ సంగతి పిల్లలకు తెలిసిపోయింది. "అన్నా, జర సాయం జెయ్యన్నా" అని చుట్టూ చేరేవారు. రేపు ఇంజనీర్లయ్యేవాళ్లు తొమ్మిది తప్పినవాడి చుట్టూ తిరుగుతుంటే ఆ సుఖం ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. చొక్కా కాలరు దానంతటదే పైకి లేచేది. నేను తీసుకున్నదల్లా చాయ్, మిర్చి బజ్జీలు. మిగతాదంతా దయ.

ఆ దయ ముదిరి పరీక్ష ముందు నెలంతా, సారు భోజనానికి పోయిన గంటలో కూర్చుని, ముక్కలు తయారు చేసి నూనెగుడ్డల్లో చుట్టి పెట్టాను. బ్యాచిలో ముప్ఫై మంది. నేను చేసినవి ఇరవై తొమ్మిది జతలు. ముప్ఫయ్యో మనిషి నాకు లొంగలేదు. తుక్కుగూడ అవతల నుంచి వచ్చే అమ్మాయి, వ్యవసాయం ఇల్లు. గీత గీసే ముందు నాలుగుసార్లు కొలిచేది కాబట్టి అందరూ స్కేలు అనేవారు, నేను స్కేలు చెల్లె అనేవాడిని. అంతకుముందే ఒకసారి ఈ పరీక్ష తప్పింది. ఈసారి కూడా తప్పితే పై ఏడుకు పోనివ్వరు, ఏడాది ఇంట్లో కూర్చోవాలి. ఆ సంగతి గుర్తు చేసి గుడ్డచుట్ట చేతికివ్వబోయాను.

"వద్దన్నా," అంది. "నేను జేసిన ముక్క మీదనే నా నంబరు కొట్టాలె."

"గిట్లనే అనుకుంట ఏడాది ఆగమైతవ్ చెల్లె."

"అయితే అయిత. నీ ముక్కతోని పాసైతే, రేపు నాకు పని రాదని నాకెర్కనే ఉంటది గద."

ఇంత చిన్న పిల్లకు ఇంత పొగరేమిటని నాకు కోపం వచ్చింది. నా దయను కాదన్న మొదటి మనిషి.

పరీక్ష రోజు బయటి కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ సారు వచ్చారు. కోస్తా మనిషి, ఇస్త్రీ చొక్కా, మాటకు ముందొకటి వెనకొకటి 'అండీ'. మూడు గంటలు పిల్లలు పాత ముక్కలను ఊరికే గరగరలాడించారు. చివరి అరగంటలో నేను నూనెడబ్బా పట్టుకుని బల్లబల్లకూ తిరిగాను. అటెండరు నూనె పోస్తుంటే ఎవరు అనుమానిస్తారు? నూనెతో పాటు గుడ్డచుట్ట కూడా చేతులు మారేది. పని పూర్తయ్యాక ముక్కల మీద నంబర్లు కొట్టి ఎక్స్‌టర్నల్ బల్ల మీద పెట్టాం. మా సారు స్టూలు మీద కళ్లు మూసుకుని ఉన్నాడు.

ఎక్స్‌టర్నల్ ఒక్కో జతనూ కిటికీకి పట్టి చూడడం, ఆశ్చర్యపోవడం, బల్ల మీద వరసలో పెట్టడం. అన్నిటికన్నా మంచిది మొదట, ఆ తర్వాతది పక్కన. ఆ వరసను బట్టే మార్కులు దిగుతాయి. ఇరవై తొమ్మిది అయ్యేసరికి ఆయన ముఖం వెలిగిపోయింది. నేను కాలరు సర్దుకున్నాను. అప్పుడు ముప్ఫయ్యోది తీశారు. మధ్యలోంచి దారమంత వెలుగు వచ్చింది. మామూలు బ్యాచిలో అయితే అది మంచి ముక్క కిందే లెక్క. నా ముక్కల పక్కన పెడితే మాత్రం తలుపు తెరిచినట్టు ఉంది.

"ఈ అమ్మాయి ఒక్కతే వెనకబడిందండి," అన్నారు ఎక్స్‌టర్నల్, పెన్ను తీస్తూ. "పోయినసారి కూడా తప్పిందటగా. తోటివాళ్లందరూ ఇంత బాగా చేస్తే ఈ అమ్మాయికి పాసు మార్కులు ఎలా వెయ్యమంటారు మాస్టారూ?"

మా సారు కళ్లు తెరవలేదు. స్కేలు చెల్లె గోడ దగ్గర నిలబడి తన చేతులకంటిన నల్లటి ఇనుప పొడి చూసుకుంటోంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు సులువుగా ఉండేది, ఓదార్చి చాయ్ ఇప్పించేవాడిని. ఆ పెన్ను కాగితానికి తగలబోతుంటే నాకు అర్థమైంది. ఆ పిల్లను వెనక పెట్టింది ఆ పిల్ల చెయ్యి కాదు, నాది. ఒక్క ఏడాది ఆగితే ఏమవుతుందో ఆ గదిలో నాకన్నా బాగా ఎవరికీ తెలియదు. నోరు తెరిస్తే నౌకరీ పోతుందని కూడా తెలుసు. మామ నన్ను ఏమంటాడో మొత్తం వినబడింది. అయినా నోరు తెరుచుకుంది.

"సార్, గవన్నీ నేను జేసిన ముక్కలు."

ఎక్స్‌టర్నల్ నన్ను నూనెడబ్బాతో సహా ఎగాదిగా చూశారు. "నువ్వెవరు బాబూ?"

"అటెండర్ని సార్."

"ఏం చదివావు?"

"తొమ్మిది సార్. గది గూడ పూర్తిగ గాదు."

ఆయన నమ్మలేదు. (నమ్మకపోవడం నాకు కొంచెం గొప్పగానే అనిపించింది, దాచుకోవడమెందుకు.) అప్పుడు ముక్కల మీద గీతలు చూడమన్నాను. కుడిచేతివాడు ఆకురాయి తోస్తే గీతలు ఒక వైపు వాలుతాయి, నేను తోస్తే రెండో వైపు. ఒక పాతముక్కను బిగించి ఆయన ఎదురుగానే ఎడమచేత్తో నాలుగుసార్లు తోసి చూపించాను. ఆయన వరసంతా వంగి చూశారు. ఇరవై తొమ్మిదీ ఒకే వైపు వాలి ఉన్నాయి, గాలికి వాలిన వరిచేను లాగా. ముప్ఫయ్యోది ఒక్కటే ఇటు వైపు. దొంగతనం ఒప్పుకుని దాన్ని మళ్లీ చేసి చూపించినవాణ్ని ఇంతవరకూ చూడలేదన్నారాయన.

అప్పుడు మా సారు కళ్లు తెరిచాడు. గీతలు వాలిన వైపు ఆయనకు తెలియదని ఎలా అనుకోను? చప్పుడు విని చెప్పేవాడికి, చూసి తెలియదా? నేను నోరు తెరిచేదాకా కావాలనే ఆగాడా, లేక ఆరోజు నిజంగానే కునుకు పట్టిందా అని ఇప్పటికీ నాకు అనుమానమే. లేచి వచ్చి నిదానంగా అన్నాడు:

"తప్పు నా వర్క్‌షాపుల జరిగింది సార్, నాదే. ఇంకో రెండు గంటలియ్యుండ్రి. పోరగాండ్లు మల్ల జేస్తరు. వీడు పక్కన నిలబడి చెప్తడు. చెయ్యి మాత్రం పెట్టడు."

నా చేతులు రెండూ వెనక్కి కట్టుకోమన్నాడు. ఆ రెండు గంటలు నేను పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. బల్లబల్లకూ తిరుగుతూ "గట్ల గాదురా, గిట్ల" అంటాను. గిట్ల అంటే ఎట్లన్నా అని వాళ్లడుగుతారు. ఎట్లో నా చేతికి తెలుసు, నా నోటికి తెలియదు. కళ్ల ముందు ఇనుము వంకర పోతుంటే వెనక వేళ్లు ఒకదాన్నొకటి గిల్లుకున్నాయి. చివరికి సిగ్గు విడిచి స్కేలు చెల్లె దగ్గరికే పోయి, నువ్వెట్ల జేసినవో జర చెప్పమని అడిగాను. ముందుచేతి బరువు మొదట్లో ఎంత ఉండాలో, తోస్తూ పోయేకొద్దీ అది వెనకచేతికి ఎలా మారాలో, ఎక్కడ ఆగి కొలుచుకోవాలో, ఒక్కొక్కటీ మాటల్లో పెట్టి చెప్పింది. తప్పినవాళ్లకే తెలుస్తుంది కాబోలు తప్పెక్కడుందో. ఆమె చెప్పింది మోసుకుపోయి బల్లబల్లకూ నేను చెప్పాను. నేను కనిపెట్టినట్టే చెప్పాను, అది వేరే సంగతి.

రెండు గంటల తర్వాత మళ్లీ కిటికీ, మళ్లీ వరస. ఈసారి కొన్నింటిలోంచి వెలుగు కాదు, ఎదురుగా దిగుతున్న విమానం కూడా కనిపించింది. ముప్ఫయ్యో ముక్కను ఎక్స్‌టర్నల్ తన చేత్తో తీసి వరసలో అందరికన్నా ముందు పెట్టారు. స్కేలు చెల్లె అప్పుడు ఏడ్చింది. తక్కిన ఇరవై తొమ్మిది మందిలో చాలామంది అంచుమీద పాసయ్యారు, కొందరు కాలేదు. నెలరోజులు నాతో ఎవరూ మాట్లాడలేదు. బజ్జీల సంగతి అడగకండి. నౌకరీ మాత్రం పోలేదు. అందుకు మా సారు ప్రిన్సిపాల్ గదిలో గంటసేపు నిలబడ్డాడని తర్వాత ప్యూను చెప్పాడు. నాతో ఆయన ఒక్క మాట అనలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు నేను సారు స్టూలు పక్కనున్న బల్ల తుడుస్తుంటే దాని మీద ఒక కాగితం కనబడింది. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టే దరఖాస్తు, ఖాళీది. పాపం, వయసు మీద పడి మరిచిపోతున్నాడని మడిచి ఆయన సంచిలో పెట్టాను. మర్నాడు మళ్లీ బల్ల మీదే ఉంది. మళ్లీ పెట్టాను. ఇలా మూడు నాలుగుసార్లు జరిగింది. ఇంత మతిమరుపైతే ఇంటికెట్ల పోతున్నడో అని క్యాంటీన్‌లో అనుకరించి చూపించి నవ్వించాను కూడా.

సారు రిటైరైన రోజు దండ వేశారు, శాలువా కప్పారు. ఆయన స్కూటరు కదిలాక చూస్తే ఆ కాగితం మళ్లీ బల్ల మీద ఉంది. పట్టుకుని గేటు దాకా పరిగెత్తాను. బండి ఆపి చూశాడు.

"సార్, మీ కాయితం మల్ల మర్సిపోయిండ్రు."

ఆయన కాగితం వంక చూశాడు, నా వంక చూశాడు. "ఇది నాదేనారా?" అన్నాడు.

"మీ బల్ల మీదనే ఉన్నది గద సార్."

నవ్వి, కాగితం మడిచి డిక్కీలో పెట్టుకుని, వెళ్లిపోయాడు.

ఇప్పుడు నేను విమానాశ్రయం పక్కన ఒక షెడ్డులో సామాన్ల బండ్లు బాగుచేస్తాను. పని నేర్చుకోవడానికి డిప్లొమా పిల్లల్ని నా కిందే వేస్తారు, వాళ్లకు ఐదుకు ఎన్ని మార్కులో వెయ్యమని నాకూ ఒక ఫారమిచ్చారు. సారు బల్ల మీది ఆ ఖాళీ దరఖాస్తు ఎవరిదో అర్థం కావడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఒక్క మాట నోరు తెరిచి చెప్పవచ్చు కదా సారూ అని అప్పుడప్పుడు కోపం వస్తుంది. ఆ కాలేజీ గేటు ముందు నుంచే రోజూ బండి మీద పోతాను. ఎడమచేతిలో కాగితం ఊపుతూ, సార్ సార్ అని రొప్పుతూ, స్కూటరు వెనక పరిగెత్తే ఆ ఇరవై రెండేళ్లవాడు కనబడతాడు. ఎంత ఒళ్లు దాచుకోకుండా పరిగెత్తాడో, పాపం.