భాద్రపదం కింద ఖాళీ

ఇవాళ అమావాస్య. ఈ నెల చదివిన పుస్తకాల పేర్లు రాసుకుందామని కళ్ళజోడు తుడుచుకుంటుంటే మనవరాలు పక్కన చేరి నవ్వింది. "చదివేసినాక మళ్ళా పేర్లు రాసుకునేదేంది అవ్వా? తిన్న ముద్దలు ఎవురన్నా లెక్క రాసుకుంటారా?" దాని నోటికి అడ్డూ ఆపూ లేదు. నేనూ నవ్వాను గానీ, ముద్ద అన్న మాట లోపలెక్కడో పోయి తగిలింది.

ఈ అలవాటు మా నాయనది. ఉదయగిరిలో వీధిబడి అయ్యవారు ఆయన. ప్రతి అమావాస్యకూ స్నానం చేసి, ఆ నెల చదివిన పుస్తకాల పేర్లు గంటంతో తాటాకు మీద గీకి, మసి పూసి, వెలుతురుకు ఎత్తిపట్టి చూసుకునేవాడు. కొత్త ముక్కుపుడక పెట్టుకున్న పెళ్ళికూతురికి కూడా అంత మురిపెం ఉండదని అమ్మ దెప్పేది. చివర ఫలశ్రుతి దాకా చదవనిదే పేరు రాయకూడదని ఆయన పట్టుదల. ఒకసారి ఏదో పుస్తకం చివరి రెండాకులూ చెదలు తినేస్తే, సీతారామపురంలో ఇంకో ప్రతి ఉందని విని, ఆ రెండాకుల కోసం ఎండలో నడిచిపోయి చదివొచ్చాడు. "మజ్జిగన్నం తినకుండా ఇస్తరి ముందు నుంచి లేస్తామా?" అనేవాడు.

ధాత సంవత్సరంలో వానలు మొహం చాటేశాయి. వానల కోసం చదివే పర్వం ఒకటుంది. పేరు చెప్పనక్కర్లేదు, చెరువెండిన ప్రతి ఊరూ దాన్ని ఎరుగును. "అయ్యోరా, నువ్వు చదివితేనే పడతాది" అని జనం వచ్చి కూర్చున్నారు. నాయన చావడిలో రోజుకు కొంత చదివి అర్థం చెప్పేవాడు. ముగియగానే మళ్ళీ మొదటి నుంచి; నెల తర్వాత నెల ఆకు మీద అదే పేరు. చినుకు లేదు. వినేవాళ్ళలో కొందరు వలసపోయారు, కొందరు అసలుకే పోయారు. పిల్లలు ఆకులూ దుంపలూ ఏరడానికి పోతే బడి మూతబడింది. ఇంట్లో పుస్తకాలు ఒక్కొక్కటే ఆత్మకూరు చేరాయి. అక్కడ తాటాకు పుస్తకాలంటే మోజున్న షావుకారు ఒకాయన వాటికి జొన్నలిచ్చేవాడు. పోయిరావడం నాలుగు రోజుల నడక. మరుసటేడు భాద్రపదానికి ఇంట్లో మిగిలింది ఆ వానల పుస్తకం ఒక్కటే.

తమ్ముడికి అప్పుడు రెండేళ్ళు. మెడ నిలపలేక అమ్మ భుజం మీద వాలిపోయి ఉండేవాడు. "దాన్ని గూడా తీసకపోండి. బిడ్డ ఉండాడంటే ఉండాడు, అంతే" అంది అమ్మ. నాయన పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. "చివరికొచ్చినాను. ఊరు నమ్ముకోని ఉండాది. రెండు రోజులు ఆగు, ఫలశ్రుతి చదివేసి పోతాను." అమ్మ ఆగింది. ఆయన చదివాడు గానీ ఆకలికి గొంతు లేవలేదు, కొన్ని ఆకులు మిగిలే పోయాయి. మూడోనాడు పుస్తకాన్ని అలాగే కట్టి చంకన పెట్టుకుని ఆత్మకూరు దారి పట్టాడు.

తిరిగొస్తుంటే ఊరి పొలిమేరలో వాన పట్టుకుంది. జనం వీధుల్లో తడుస్తూ "అయ్యోరి పుణ్యం" అని ఆయన కాళ్ళకు మొక్కారు. జొన్నల మూట తడవకుండా కడుపుకు అదుముకుని ఆయన ఇల్లు చేరేసరికి, తమ్ముణ్ణి ముందురోజే మట్టిలో పెట్టేశాం. అమ్మ ఆ జొన్నలు దంచి గంజి కాచి నాకు పోసింది. రుచిగా ఉంది. అది తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఆ అమావాస్యకు నాయన ఆకు మీద భాద్రపదం అని గీకి, కింద ఏమీ రాయలేదు. తర్వాత ఎన్నో పుస్తకాలు చదివాడు, రాసుకున్నాడు. ఆ పర్వం మాత్రం ముట్టలేదు. చూపు పోయిన చివరి రోజుల్లో, చెన్నపట్నం నుంచి అది అచ్చు పుస్తకంగా వచ్చిందని చెబితే, "చదువమ్మీ" అన్నాడు. ఫలశ్రుతి దాకా చదివాను.

"ఏ నెల కింద రాసేది నాయనా?"

"భాద్రపదం."

అది మాఘమాసం. నేను పాత ఆకు వెతికి తీసి, ఆ ఖాళీలో పేరు గీకాను. పుస్తకం అన్నేళ్ళు ఆలస్యంగా పూర్తయినా ఆకు ఒప్పుకుంది. గంజి రెండు రోజులు ఆలస్యమైతే కాలం ఒప్పుకోలేదు.