పది నిమిషాలు ముందుండే మామయ్యగారు

గత నెలలో ఒక ఉదయం నేను పప్పు ఏరుతుండగా పక్కింటి అత్తయ్యగారు గోడ మీంచి పిలిచారు. "ఓపాలి రా అమ్మా, మీ మామయ్య పలకట్లేదు" అన్నారు. వెళ్లి చూస్తే ఆయన రోజూ పడుకునేట్టే వెల్లకిలా పడుకుని ఉన్నారు. చెయ్యి చల్లగా ఉంది. డాక్టరు వచ్చి చెప్పేదాకా ఆ మాట మేమిద్దరం పైకి అనలేదు.

ఆయన మాకు చుట్టం కాదు. నేను కొత్త కోడలిగా హిందీ మాట్లాడే ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లోని గోల్‌మురి వచ్చినప్పటి నుంచీ పక్కింటి మామయ్యగారు, అంతే. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ ఒక కంపెనీ టైమ్ ఆఫీసులో పనిచేశారు. ఎవరు ఎన్నింటికి గేటు దాటారో చూసే ఉద్యోగం.

పెద్ద గడియారాలంటే ఆయనకు ప్రాణం. పాత హాజరు రిజిస్టరులో వాటి బొమ్మలు పత్రికల్లోంచి కత్తిరించి అంటించుకున్నారు. లండనులో గడియారం తప్పితే లోలకం మీద చిల్లర నాణేలు పెట్టి సరిచేస్తారని, ప్రాగ్‌లో గంట గంటకీ కిటికీలు తెరుచుకుని బొమ్మలు ఊరేగుతాయని, వాటిని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారని మా అమ్మాయికి చెప్పేవారు. ఆయన కళ్లతో చూసింది లక్నోలో ఉన్నదొక్కటే. మెడ పట్టేసేదాకా ఎండలో నిలబడి చూశారట.

ఆదివారం మధ్యాహ్నాలు పాత నలుపు తెలుపు థ్రిల్లర్లు చూసేవారు. అందులోనూ గడియారపు స్తంభం ఉన్నవే. హీరో పెద్ద ముల్లు పట్టుకుని వేలాడుతుంటే మాకు గుండె ఆగినంత పనయ్యేది. ఆయన హీరోని చూసేవారు కాదు.

"ఇందాక తొమ్మిదీ పది, ఇప్పుడు తొమ్మిదీ అయిదు. ముల్లు ఎనక్కెళ్లిపోయింది. ఈ డైరక్టరు మా గేటు కాడికొత్తే సగం రోజు జీతం కోసీవోణ్ణి" అనేవారు.

"అక్కడ ఆడు పడిపోతన్నాడు, మీకు టైము కావాలేటి" అని అత్తయ్యగారు విసుక్కునేవారు.

"పడడే. ఇంకా గంట కొట్టనేదు. గంట కొట్టడం కాదే, కొడతాదని చూడ్డవే సినిమా."

ఇక్కడ కంపెనీ వాళ్ల ఇళ్లలో గడియారం పది నిమిషాలు ముందుకు పెట్టుకోవడం అలవాటు. గేటు దగ్గర ఒక్క నిమిషం ఆలస్యమైనా ఆలస్యమే కదా. రిటైరయ్యాక కూడా ఆయన ఇంట్లో గోడ గడియారం, చేతి వాచీ అన్నీ పది నిమిషాలు ముందే నడిచేవి. "దాదాజీ, ఆప్‌కీ ఘడీ ఆగే హై" అని, గడియారం ముందుందని మా అమ్మాయి హిందీలో ఏడిపిస్తే, "ఆగే ఉండాలే. నాకు తెల్దేటి, పది తీసీడవే" అనేవారు. చూసిన ప్రతిసారీ మనసులో పది తీసేసుకునేవారు. టైము విషయంలో ఆయన చెప్పాక ఇంకెవరినీ అడిగేవాళ్లం కాదు.

పోయిన ఏడాది హైదరాబాదులో మా చెల్లెలి గృహప్రవేశానికి వెళ్తూ ఇద్దరినీ వెంట తీసుకెళ్లాను. అక్కడి మ్యూజియంలో బొమ్మల గడియారం చూడాలని ఆయన కోరిక. అందులో ఒక కమ్మరి బొమ్మ సెకనుకో సుత్తి దెబ్బ వేస్తుంటాడు. గంట కావస్తుండగా గడ్డం బొమ్మ ఒకటి చిన్న తలుపు తీసుకుని వచ్చి, ఎన్నయితే అన్ని గంటలు కొట్టి వెళ్లిపోతుంది. "కమ్మరోడు మన ఊరోడు, గడ్డపోడు మా డిపార్ట్‌మెంటు. పన్నెండుకే చూడాలి, పన్నెండు దెబ్బలూ" అని దారి పొడుగునా అదే మాట.

రైల్లో ఆయన వాచీ ఆగిపోయింది. మ్యూజియానికి బయల్దేరే ముందు చెల్లెలి వీధిలోని దుకాణంలో నేనే బ్యాటరీ వేయించాను. గ్యాసు బండ మార్చిన తేదీ కూడా క్యాలెండరు మీద రాసుకునే మనిషిని. నా చేతిలోని వస్తువు తప్పుగా నడిస్తే తోచదు. ఫోను చూసి నిమిషంతో సహా సరిగ్గా పెట్టి ఇచ్చాను. ఆ సంగతి ఆయనకు చెప్పాలని మాత్రం తట్టలేదు.

మ్యూజియంలో ఆయన వాచీ చూసుకుని, "ఇంకా పావుగంటుంది. మీ అత్తయ్యకి మోకాళ్లు పీకుతన్నాయి, టీ తాగించు" అన్నారు. ముగ్గురం బయట టీ తాగుతుండగా లోపల గంట మోగడం మొదలైంది. ఆయన గ్లాసు కింద పెట్టేసి నడిచారు. మేం చేరేసరికి జనం బెంచీల మీంచి లేచి బయటికి వస్తున్నారు. ఆయన చేతికున్న వాచీ చూడగానే నాకు ఏం జరిగిందో తెలిసిపోయింది. నేను సరిగ్గా పెట్టిన టైములోంచి కూడా ఆయన పది తీసేసుకున్నారు.

"నా లెక్కే తప్పిందమ్మా. సర్వీసంతా ఒక్కనాడు లేటు లేను" అన్నారు.

నేను ముందు వరసలో బెంచీ చూసి ఇద్దరినీ కూర్చోబెట్టాను. అక్కడే కూర్చుని ఒంటిగంట చూశాం. గడ్డం బొమ్మ వచ్చింది, ఒక్క దెబ్బ కొట్టింది, వెళ్లిపోయింది. "ఆడు టైముకే వచ్చాడు" అన్నారు ఆయన. ఆ సాయంత్రమే మా తిరుగు రైలు.

వాచీ సంగతి రేపు చెబుదాం, పండగ వెళ్లాక చెబుదాం అనుకుంటూ ఏడాది గడిపాను. మళ్లీ తీసుకెళ్లి పన్నెండు చూపించి అప్పుడు చెబుదామని కూడా అనుకున్నాను. పన్నెండో రోజు కార్యం అయ్యాక అత్తయ్యగారి పక్కన కూర్చుని, ఆ వాచీ సరిచేసింది నేనేనని చెప్పాను.

"తెలుసమ్మా" అన్నారు ఆవిడ. "సికింద్రాబాదు స్టేషన్లో గడియారం చూసి, వాచీ చూసుకుని నవ్వీసినారు. అడగమంటే వద్దన్నారు. 'దాన్నడక్కు, అదే చెప్తాది, చూత్తాను' అన్నారు."

ఆ ఏడాదంతా సాయంత్రాలు గోడ దగ్గర పాలు పోయించుకుంటుంటే ఆయన వచ్చి, "టైమెంతైందమ్మా" అని అడిగేవారు. చేతికి వాచీ ఉండగానే అడిగేవారు. చూపు తగ్గింది కాబోలు అనుకుని నేను ఫోను చూసి చెప్పేదాన్ని. చెప్పాక కూడా ఆయన వెంటనే కదిలేవారు కాదు. గోడ మీద రెండు చేతులూ ఆనించి, తల కొంచెం పక్కకు వాల్చి, నా మొహంకేసి చూస్తూ నిలబడేవారు. నేను పాలగిన్నె పట్టుకుని లోపలికి వచ్చేసేదాన్ని.